నాలుగో పని

బాప్తిస్మానికి ముందు పెద్దాయన చేయాల్సిన పనులు నాలుగు: గడ్డం గీయించుకోవాలి, తెల్ల చొక్కా తొడుక్కోవాలి, పాస్టరుగారితో వాదన పెట్టుకోకూడదు, తన చేతిలో చనిపోయిన బడిపంతులుగారి ఇంటివాళ్ళలో ఒక్కరినైనా రప్పించాలి. మొదటి మూడూ కోడలు చూసుకుంటోంది. నాలుగోదే మూడేళ్ళుగా తెమలడం లేదు.

"కదలకండి మామయ్యా. తెగిందంటే మళ్ళీ సాయుధ పోరాటం మొదలెడతారు."

"విప్లవం గెలిస్తే శాంతి దాని వెనకే వచ్చేస్తుందనుకున్నామమ్మా."

"వచ్చింది నేను, సబ్బు నురగతో. గడ్డం ఎత్తండి."

ఆయన నవ్వబోయి ఆగాడు. అడవిలో ఉన్న రోజుల్లో, బడిలో సైనికులకు చోటిచ్చాడని ఆ పంతులుగారిని కాల్చి చంపాడు. పన్నెండేళ్ళ జైలు తర్వాత, చేతిలో బైబిలుతో కొడుకింటికి చేరేసరికి కోడలు కాపురానికి వచ్చి ఏడాదైంది. పిన్ని దగ్గర పెరిగిన పిల్ల. నోరు జాస్తి, ప్రేమ అంతకన్నా జాస్తి.

యుద్ధం ఆగాక ఆ ఊరి చర్చి సంఘంవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. చంపినవాడు బాప్తిస్మం అడిగితే, చనిపోయినవారి ఇంటివాళ్ళు ఒకరు లేచి "మాకు పగ లేదు" అనాలి. ఎవరూ లేవకపోతే మరో ఏడాది ఆగాలి.

"నా మూడు ఉత్తరాలూ అందాయంటావా?"

ఆయన చేయి వణుకుతుంది కనుక ఉత్తరాలు రాసింది కోడలే. మొదటిది రాసేటప్పుడు కలం ఒకచోట ఆగింది. మామ చేసిన పని విని బెదిరింది కాబోలు అనుకున్నాడు. చిరునామా కనుక్కునే పనీ తనే నెత్తిన వేసుకుంది.

"అందాయి మామయ్యా."

"మరి జవాబో?"

"అంత మాటకి మూడేళ్ళు పట్టదా?" అంటూ ఆమె చెంపలు తుడిచింది.

మందిరంలో పాస్టరుగారు అడిగారు. "ఆ ఇంటి తరఫున ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ కదల్లేదు. పెద్దాయన తల దించుకున్నాడు. పక్కన బల్ల కిర్రుమంది.

"ఉన్నాను. మాకు పగ లేదు," అంది కోడలు.

పెద్దాయన గబుక్కున తలెత్తాడు. తన కోసం ఈ పిచ్చిపిల్ల దేవుడి ముందే అబద్ధమాడుతోంది! చెయ్యి పట్టి లాగాడు. "కూర్చో తల్లీ. ఇంకో ఏడాది ఆగుతాలే."

ఆమె ఆ చేతిని విడిపించుకోలేదు. గట్టిగా పట్టుకునే సంఘం వైపు తిరిగింది.

"ప్రార్థనలో మా నాన్నను, ఆ పంతులుగారిని, తలచుకోండి."