పనిమనిషికి వచ్చినావిడ

గేటు చప్పుడైంది.

ఉషశ్రీ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో వెలిసిన నేతచీరలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చంకలో గుడ్డసంచి.

"శ్యామ్ సుందర్ గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదేనండి. మీరు?"

"నా పేరు రాజ్యమండి. పనిమనిషికి రమ్మన్నారండి."

ఉషశ్రీకి ప్రాణం లేచొచ్చింది. పక్కింటి దేవకుమారి ఎవరినో పంపిస్తానంటూ రోజులు నెడుతోంది. సింకు నిండా అంట్లు. సాయంత్రం తాడేపల్లిగూడెంలో మొగుడిగారి నాటకానికి వెళ్ళాలి.

"ఇంత పొద్దెక్కి వస్తే ఎలా? చెప్పులక్కడ వదిలి పెరటివైపు నుంచి రా."

మీరు కాస్తా నువ్వయిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఉషశ్రీ ముఖంలోకి చూసి పెరటివైపు నడిచింది.

అంట్లు తోమింది. ఇల్లు ఊడ్చింది. హాల్లో పెళ్ళిఫొటో దగ్గర మాత్రం చీపురు ఆగిపోయింది.

"ఫొటోలు చూడ్డానికొచ్చావా?"

"ఇద్దరూ బాగున్నారండి. అయ్యగారు వేళకి తింటారాండీ?"

"ఆయన తిండి సంగతి నీకెందుకు? పని చూసుకో."

టీ ఇచ్చేటప్పుడు గట్టు మీద విడిగా ఉంచిన గ్లాసు తీసింది.

"తాగి, కడిగి, అక్కడే బోర్లించు."

"అలాగేనమ్మా."

ఆవిడ గ్లాసు బోర్లిస్తూ ఉండగా శ్యామ్ సుందర్ వచ్చాడు. పెరట్లో ఆవిడను చూసి కొయ్యబారిపోయాడు.

"మీరిక్కడికి వచ్చారేంటి? నేరుగా గూడెం రమ్మన్నానుగా?"

"దారేగా బాబూ, ఓసారి చూసిపోదామని. ఇప్పుడే వచ్చా. కాళ్ళు కడుక్కుంటున్నా."

అతను భార్య వైపు తిరిగాడు.

"సాయంత్రం నాటకంలో పనిమనిషికి ఈవిడే. వేసే అమ్మాయికి జ్వరమొస్తే బతిమాలి పిలిపించాను. ఈవిడ లేకపోతే నాటకమే లేదు."

పనిమనిషికి రమ్మన్నారని పొద్దున ఆవిడన్న మాట ఉషశ్రీకి గుర్తొచ్చింది.

నాటకాలవాళ్ళు మాటల్లో వేషం అనే మాట వదిలేస్తారు. జమీందారుకి ఎవరు, పనిమనిషికి ఎవరు అంటారంతే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటలు వింటూనే ఉంది. వెలిసిన చీర చూడగానే అంతా మర్చిపోయింది.

క్షమించమందామనుకుంది. భర్త ఎదుట అంటే తన గుట్టు బయటపడుతుంది. సిగ్గుతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం గూడెంలో నాటకం హాలు కిటకిటలాడుతోంది.

నాటకంలో జమీందారు కూతురూ పనిమనిషీ చీరలు మార్చుకుంటారు. పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడికి ఎవరెవరో తెలియదు.

రాజ్యం రంగు వెనక వయసు దాచుకుని, పట్టుచీరలో దొరసానిలా నడిచొస్తే ఈలలు పడ్డాయి. ఉషశ్రీ మాత్రం పొద్దున తనన్న మాటలన్నీ ఇప్పుడా దొరసాని నోట వస్తాయని ఎదురుచూసింది. వస్తే తనకు తగిన శాస్తే అనుకుంది.

అవేవీ రాలేదు.

"ఏవండీ వంటావిడగారూ, కాస్త ఇలా కూర్చోండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు," అంది దొరసాని.

పనివాళ్ళను అండీ అనే దొరసానిని చూసి జనం పడీపడీ నవ్వారు. ఉషశ్రీకి ఏడుపొచ్చింది.

తెర పడీ పడగానే మేకప్ గదికి పరిగెత్తింది. భర్త ఒక్కడే అద్దం ముందు రంగు తుడుచుకుంటున్నాడు.

"రాజ్యంగారేరండీ?"

"బస్సెక్కేశారు. మీ ఇల్లు చూశాను, చాలు బాబూ, ఇంకెప్పుడూ పిలవకు అన్నారు. ఎందుకో అర్థం కాలేదు."

ఉషశ్రీకి అర్థమైంది. ఇక దాచలేకపోయింది.

"పొద్దున ఆవిడ చేత అంట్లు తోమించానండి. పెరట్లోంచి రమ్మన్నాను. విడిగా ఉంచే గ్లాసులో టీ ఇచ్చాను. నాది పెద్ద తప్పు. ఎక్కడుంటారో చెప్పండి, వెళ్ళి కాళ్ళమీద పడతాను."

అతని చేయి బుగ్గమీదే ఆగిపోయింది.

"నీ తప్పు కంటే నాది పెద్దది ఉషా," అన్నాడు తల దించుకుని. "నాటకాలావిడ కొడుకంటే పిల్లనివ్వరని, నా చిన్నప్పుడే పోయిందని మీ వాళ్ళతో చెప్పిన మా అమ్మ ఆవిడే."