సీలు తియ్యని కారు

"అయ్యయ్యో, సీలు తీసేస్తారా!"

ఆ కేక వేసింది అనిల్ కుమార్ కాదు, అతని భార్య పావని. కందిపొడి పొట్లాలకి మూతులు అంటిస్తున్న మిషన్ని వదిలేసి, వంటింట్లోంచి రెండంగల్లో ముందుగదిలోకి వచ్చిపడింది.

సోఫాలో కూర్చున్న సుకుమార్ చేతిలో బ్లేడు, ఒళ్ళో పెట్టె. పెట్టె మీద, ప్లాస్టిక్ కాగితం సీలు కింద, రెక్కల తోక ఉన్న ఎర్రకారు బొమ్మ. అరవై ఏళ్ళనాటి అమెరికా ప్లాస్టిక్ కిట్టు. లోపలి ముక్కలు తుంచి, జిగురు పెట్టి అంటిస్తే జానెడు కారవుతుంది. అంటించకుండా, అసలు మూతే తియ్యకుండా ఉంచితే ఇంకా గొప్ప వస్తువవుతుందిట. ఈ రెండో సంగతి పన్నెండేళ్ళ కాపురంలో పావని బుర్రకి ఎప్పుడూ ఎక్కలేదు.

"తియ్యకపోతే కారెలా చెయ్యను చెల్లెమ్మా?" అన్నాడు సుకుమార్.

"చేస్తారా?" అనిల్ కుమార్ గొంతు కీచుమంది. "దాచుకుంటానన్నారు కదండీ!"

"అన్నానండి. మొన్న కళ్ళ డాక్టరు గారు శుక్లాలు మొదలయ్యాయన్నారు. చూపు బాగుండగానే ఒక్క మంచి కారు నా చేత్తో చేసుకుందామని..."

అందుకే ఆయన రాజమండ్రి నుంచి మండపేట దాకా ఎండలో స్కూటర్ మీద వచ్చాడు. మార్పిడికి తెచ్చిన రేసుకారు కిట్టు టీపాయ్ మీద పెట్టేశాడు. అనిల్ కుమార్ పదేళ్ళుగా కలవరిస్తున్న కిట్టు అది.

అనిల్ కుమార్ ఉద్యోగం రైసుమిల్లులో సూపర్‌వైజరు. హోదా మాత్రం కిట్టులు పోగేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపుకి పెద్దమనిషి. ఎవరి పెట్టె అసలుదో, ఎవరిది కాదో ఆయన చెప్పిందే తీర్పు. నూట నలభై మంది ఆయన మాట మీదే పెట్టెలు మార్చుకుంటారు. ఈ పెట్టె గురించి కూడా పొద్దున్నే రాశాడు, 'అమెరికాలో వేసిన సీలు, పూచీ నాది' అని. తేడా వస్తే పెట్టె సంగతి అలా ఉంచి, ముందు ఆ పెద్దరికం పోతుంది.

"సీలు తీస్తే దాని విలువంతా పోతుంది అన్నయ్యగారూ," అంది పావని.

అనిల్ కుమార్ ఆమెకేసి విస్తుపోయి చూశాడు. దుమ్ము దులిపినప్పుడల్లా "మూత తియ్యని పచ్చడి జాడీకి ఎవరైనా హారతిస్తారా?" అని వెక్కిరించిన మనిషి. "ఒక్క కారు నన్నూ అంటించనివ్వండి" అని అడిగి, "నీకు రాదు, పాడుచేస్తావు" అని కసిరించుకున్న మనిషి.

"అదీ! మా ఆవిడకే తెలిసింది చూశారా?" అన్నాడు తేరుకుని. మొగుడూ పెళ్ళాం ఒకే మాట మీద నిలబడడం ఆ ఇంట్లో అదే మొదలు. "సీలు తీసిన కిట్టు ఇంకోటి ఇస్తానండి, అది చేసుకోండి."

"ముక్కలు తక్కువైతేనో?"

"పోనీ భోంచేశాక చూద్దురుగాని. పనసపొట్టు కూర చల్లారిపోతోంది," అంటూ పావని పెట్టె అందుకోబోయింది.

సుకుమార్ నవ్వి పెట్టెని గుండెలకి హత్తుకున్నాడు. "మీ ఇద్దరి వరసా చూస్తుంటే పిల్లనెత్తుకుపోతున్న దొంగలా ఉన్నాను నేను! ఇంక ఆపకండి."

బ్లేడు సర్రుమంది. మూత లేచింది. పావని గట్టిగా కళ్ళు మూసుకుంది.

"రాళ్ళు," అన్నాడు సుకుమార్.

పావని కళ్ళు తెరిచింది. దూది మధ్య పొందిగ్గా సర్దిన గులకరాళ్ళు.

"రాళ్ళా!" అనిల్ కుమార్ దిగ్గున లేచి తలపట్టుకున్నాడు. "మోసమండీ! అమ్మినవాడు నన్ను నిలువునా ముంచేశాడు! రాళ్ళు పోసి సీలేసి సముద్రం దాటించాడు!"

సుకుమార్ మొహం వాడిపోయింది. అయినా లేచి వెళ్ళి అనిల్ కుమార్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఊరుకోండి. సీలు చూశారు గానీ లోపల చూడలేదుగా, మీ తప్పేముంది? మీరే మోసపోయారని గ్రూపులో నేను రాస్తాను. మీ మాటకేం ఢోకా రాదు."

అనిల్ కుమార్ కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"ముందు మీరు కూర్చోండి చెల్లెమ్మా," అన్నాడు సుకుమార్ కంగారుగా. "ఆయన కన్నా మీకే ఎక్కువ దెబ్బ తగిలినట్టుంది. ఆ మొహం చూస్తే భయమేస్తోంది."

పావని రాళ్ళకేసీ మొగుడికేసీ మార్చి మార్చి చూసింది. మొగుడు కిటికీలోంచి ఎదురింటి గోడని శ్రద్ధగా చూస్తున్నాడు.

పోయినేడు కారు ముక్కలు తీసేసుకుని ఆ పెట్టెలో పావని పోసింది పెసలు.