మన ఊరి ఆఫీసరు

"ఇన్నాళ్లకు మన మట్టి తెలిసిన బిడ్డ వచ్చిందమ్మా!" అంటూ చెన్నకేశవ గులాబీల దండ ఎత్తి పట్టుకున్నాడు.

హోసూరు సబ్ కలెక్టరు కుర్చీలో కూర్చున్న నేత్రది తళి టౌను పక్కనున్న చెన్నకేశవ ఊరే. బయటి రాష్ట్రాల ఆఫీసర్లు వద్దు, మా వాళ్లే కావాలని రెండేళ్లు రోడ్డెక్కి గొంతు చించుకున్న పెద్దమనిషి ఆయన.

"ముందున్న ఆయప్పకు మన ఊరి గురించి ఏం తెలుసమ్మా? నా గ్రీన్‌హౌస్ స్థలానికి పట్టా ఇమ్మంటే, విచారిస్తానని చెప్పి ట్రాన్స్‌ఫరై పోయినాడు. నువ్వొక సంతకం పెడితే చాలు."

నేత్ర దండ అందుకోలేదు.

"ఏ గ్రీన్‌హౌస్ చెన్నకేశవప్పా? కాలువ మీద కట్టినారే, అదేనా?"

"కాలువా? ఆడ కాలువ యాడుందమ్మా?"

"మీరు పూడ్చక ముందు ఉన్నింది. మా అవ్వ అంగాళమ్మతో పోయి ఆ గట్టు మీద గడ్డి కోసినాను. మీరే కదా మమ్మల్ని తరిమింది? అది సర్కారు భూమి, పట్టా రాదు. సోమవారం సర్వేయరును పిలుచుకొని నేనే వస్తాను. దారి ఎవురూ చూపించే పని లేదు."

చెన్నకేశవ దండతోనే మెట్లు దిగాడు.

"ఏమైంది నాయనా?" కారు దగ్గరున్న కొడుకు రక్షిత్ అడిగాడు.

"మళ్లా ధర్నా చేయాలప్పా. ఈతూరి బయటోళ్లే కావాలని అడుగుదాం." దండను వెనక సీట్లోకి విసిరికొట్టాడు. "ముందున్న ఆయప్ప ఎంత మంచోడు! మన ఊరి గురించి ఒక్క ముక్క తెలీదు."