వాకౌట్ అంటే

"ఆ రమాసుందరితో కలిసి వాకౌట్ చేశారట. నిజమేనా?"

పూర్ణచంద్రరావు ఇంకా చెప్పులైనా విప్పలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది భార్య బాలసరస్వతి.

"నిజమే. అయితే ఏంటి?"

"అయితే ఏంటా! ఎంత తేలిగ్గా ఒప్పుకుంటున్నారండీ!" ఆవిడకి ఏడుపొచ్చేసింది. "మీ ఆఫీసు లాజరుగారు మధ్యాహ్నం ఇంటికి భోజనానికొచ్చి చెప్పారట. వాళ్ళావిడ అమలమ్మ కొళాయి దగ్గర అందరి ముందూ అంటే నా తల కొట్టేసినట్టయింది."

రమాసుందరి ఆయన ఆఫీసులో టైపిస్టు. మంగళగిరి చీర, చేతికి గడియారం. ఒక పెళ్ళిలో ఆమెని చూసినప్పటి నుంచీ బాలసరస్వతికి కడుపుమంటే. పట్టుబట్టి అలాంటి చీరే కొనిపించుకుంది. గడియారం మాత్రం ఇంకా రాలేదు.

"అసలు వాకౌట్ అంటే ఏమనుకుంటున్నావు?"

"మీ డిక్షనరీలోనే చూశాను. వాక్ అంటే నడక. ఔట్ అంటే బయట. బయట నడక! ఇద్దరూ కలిసి బ్యారేజీ మీద షికారుకెళ్ళారన్నమాట."

పూర్ణచంద్రరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. వరండా కుర్చీలో ఉన్న పేపరు తీసి ఆవిడ ముఖం ముందు పెట్టాడు.

"చదువు. 'అసెంబ్లీ నుంచి ప్రతిపక్షం వాకౌట్.' వీళ్ళంతా ఎవరితో షికారుకెళ్ళారంటావ్? వాకౌట్ అంటే నిరసనగా లేచిపోవడం."

"లేచిపోవడమా!"

"అబ్బ! లేచి... బయటికి... పోవడం. కొత్త మేనేజరు హాజరుపట్టీ తన గదిలో పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆబ్సెంటే. ఇదేంటని మీటింగులో అడిగితే కసిరాడు. పదిమందిమీ లేచి బయటికొచ్చాం. అందులో ఆవిడా ఉంది. అంతే."

"తర్వాత?"

"తర్వాతేముంది? కాసేపు మెట్ల దగ్గర నిలబడ్డాం. లోపలికి పిలిచారు. ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నాం."

బాలసరస్వతి సిగ్గుపడిపోయింది. దేవుడిలాంటి మొగుణ్ణి అనుమానించినందుకు లోలోపలే చెంపలేసుకుంది. వెళ్ళి చిక్కటి కాఫీ తెచ్చిచ్చింది.

"క్యారేజీ ఏదండీ?"

"ఆఫీసులో మర్చిపోయాను."

"గుత్తివంకాయ ఎలా ఉంది?"

"అమృతమే అనుకో. గిన్నె అడుగు దాకా నాకేశాను."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ రమాసుందరి ఎంత టకటకా టైపు కొడితే మాత్రం ఏం లాభం, గుత్తివంకాయ వండటం వచ్చా దానికి? చాలా రోజుల తర్వాత ఆవిడ కడుపు చల్లబడింది.

అంతలో తలుపు చప్పుడయింది. లాజరు. చేతిలో టిఫిన్ క్యారేజీ.

"చెల్లెమ్మా, ఇదిగో. మీ ఆయన సీటు దగ్గర వదిలేశారు." ఇల్లు నిండేలా నవ్వుతూ ఇచ్చాడు. తర్వాత పూర్ణచంద్రరావు వైపు తిరిగాడు. "ఏంటండీ బాబూ, పావుగంటలో మేనేజరు దిగొచ్చాడు. మిమ్మల్ని కూడా పిలుద్దామని చూస్తే మెట్ల దగ్గర ఎనిమిది మందిమే తేలాం. మీరూ, రమాసుందరిగారూ సాయంత్రం దాకా పత్తా లేరు! వాకౌట్ అయిపోయిందని మీకెవరూ చెప్పలేదా?"

పూర్ణచంద్రరావు కాఫీ గ్లాసు కింద పెట్టి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

బాలసరస్వతి క్యారేజీ అందుకుంది. బరువుగా ఉంది. పై గిన్నె మూత తీసింది. పొద్దున సర్దిన వంకాయలు సర్దినట్టే ఉన్నాయి.

"వాకౌట్ చేసింది మీ ఎనిమిది మందేనండీ అన్నయ్యగారూ," అంది మూత మెల్లిగా పెట్టేస్తూ. "వీళ్ళిద్దరిదీ బయట నడక."