ఇరవై మూడో ఓటు

తిరుమలేష్ అరగంట ముందే వచ్చాడు. పాసిర్ రిస్ హాకర్ సెంటర్లో, తిండి స్టాళ్ల మధ్య జనం కిటకిటలాడే చోట, సరిగ్గా నడిమధ్య టేబుల్ చూసుకుని, మూడు కుర్చీల మీద మూడు టిష్యూ ప్యాకెట్లు పెట్టాడు. కోటు మీద కొండల దేశం బ్యాడ్జి సరిచేసుకున్నాడు. ఆ ఉక్కపోతలో కోటు వేసుకున్నవాడు అక్కడ అతనొక్కడే.

మర్నాడు అదే ఊళ్లో, తంజోంగ్ పగార్‌లోని ఒక పెద్ద హోటల్లో ఓటింగ్. అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంటు ఎక్కడ జరగాలో తేల్చేది ఇరవై ముగ్గురు సభ్యులు. పోటీలో రెండు దేశాలు మిగిలాయి. పేర్లు మనకెందుకు, ఒకటి కొండల దేశం, ఒకటి దీవుల దేశం అనుకుందాం. చెరో పదకొండు మంది ఖాయమైపోయారు. ఎలా ఖాయమయ్యారని ఎవరూ ఎవరినీ అడగలేదు. తేలనిది ఒక్కరే, మధుసూదనరావు.

తిరుమలేష్ పనిచేసే కన్సల్టెన్సీలో ఆ ఇరవై ముగ్గురి గురించీ ఒక పట్టిక ఉంది. పేరు, దేశం, బలహీనత. ఒకరికి గుర్రాలు. ఒకరికి అల్లుడు. ఒకరికి మోకాలి ఆపరేషన్. మధుసూదనరావు పేరుకి ఎదురుగా మాత్రం గడి ఖాళీ. ముప్ఫై ఏళ్లు రిఫరీగా చేసి, ఏ జట్టు ఇచ్చిన టీ కూడా తాగని మనిషి. ఇప్పుడు కూడా సభ్యులందరికీ ఇచ్చిన హోటల్ గది వద్దని కూతురి ఫ్లాట్‌లో దిగాడు.

ఆ ఖాళీ గడి తిరుమలేష్‌ని రెండు నెలలు కుదురుగా ఉండనివ్వలేదు. బలహీనత లేని మనిషి ఉంటాడంటే అతను నమ్మడు. మనిషి అద్దంలో దేన్ని చూసుకుని మురిసిపోతాడో అక్కడే దొరుకుతాడని అతని సిద్ధాంతం. చివరికి ఒకరోజు ఆ గడిలో ఒకే ఒక్క మాట రాశాడు. అది చదివి బాస్ గణపతి చాలాసేపు నవ్వాడు.

"సరే, నీ పద్ధతిలోనే కానీ. ఆ ఓటు వస్తే నీ ఎంప్లాయ్‌మెంట్ పాస్ రెన్యూ చేయిస్తా. రాకపోతే వచ్చే నెల హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కెయ్."

మధుసూదనరావు కూతురు కీర్తికతో వచ్చాడు. ఆమెను కూడా తీసుకురమ్మని ఫోన్‌లో బతిమాలింది తిరుమలేషే.

"ఏందమ్మా ఇది, కుర్చీల మీద టిష్యూ పేపర్లు?"

"చోప్ చేయడం అంటారు నాన్నా. ప్యాకెట్ పెడితే సీటు మనదే. ఎవ్వరూ ముట్టుకోరు."

"అబ్బో. మా ఫెడరేషన్లో అయితే ప్యాకెట్టూ పోయేది, కుర్చీ కూడా పోయేది."

"కూర్చోండి అంకుల్. మాదీ మీ తెనాలి పక్కనే" అంటూ తిరుమలేష్ రెండు చేతులతో విజిటింగ్ కార్డు అందించాడు.

పెద్దాయన కార్డు చదివాడు. బ్యాడ్జి చూశాడు. ఎవరి కాఫీ వాళ్లే కొనుక్కోవాలని చెప్పి, కీర్తిక తెచ్చిన కప్పు ముందు పెట్టుకున్నాడు.

"కొండల దేశం వాళ్లా? మీ గ్రౌండ్లు చూశానయ్యా. చిన్న చిన్న ఊళ్లలో కూడా పిల్లలకి గోల్‌పోస్టులు పాతారు. ఆ దీవుల వాళ్లవి కాగితం మీది స్టేడియాలు."

ఇంకెవరైనా అయితే ఆ మాట చాలనుకుని, దణ్ణం పెట్టి లేచిపోయేవారు. తిరుమలేష్ మాత్రం బ్యాగులోంచి నల్లటి పెట్టె తీసి టేబుల్ మీద పెట్టి తెరిచాడు. పెట్టె మీద కొండల దేశం చిహ్నం. లోపల బంగారు విజిల్. దాని మీద మధుసూదనరావు పేరు చెక్కి ఉంది.

"ప్యూర్ గోల్డ్ అంకుల్." పక్క టేబుల్ దాకా వినిపించేలా అన్నాడు. "రేపు మమ్మల్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. మేడమ్‌కి ఏం కావాలో కూడా చెప్పండి, చూసుకుంటాం."

"ఎక్స్‌క్యూజ్ మీ?" కీర్తిక ముఖం ఎర్రబడింది.

పెద్దాయన చెయ్యి పెట్టె వైపు కదిలింది. విజిల్ తీసి అరచేతిలో బరువు చూశాడు. తిరుమలేష్ కుర్చీ అంచుకి జరిగాడు.

ఆయన విజిల్ పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు.

హాకర్ సెంటర్ మొత్తం ఇటు తిరిగింది. నూడిల్స్ స్టాల్లో గరిటె ఆగిపోయింది. ఆయన తాపీగా విజిల్ పెట్టెలో పెట్టి, మూత వేసి, ఒక్క వేలితో ఇవతలికి నెట్టాడు.

"ముప్ఫై ఏళ్లలో ఇంత పచ్చి ఫౌల్ చూడలేదు బాబూ. తెనాలి పక్కనే అన్నావు గదా, గుంటూరు జైలు కూడా తెనాలి పక్కనే."

"అంకుల్, నేను..."

"ఇందాకటి దాకా నా ఓటు కొండల దేశానికే అనుకున్నా. ఇప్పుడు చచ్చినా వెయ్యను. పంపినవాళ్లకి ఈ మాట చెప్పు."

"కంప్లైంట్ ఇద్దాం నాన్నా. ఎథిక్స్ కమిటీ ఉంది కదా" అంది కీర్తిక.

"దాని చైర్మన్ కొత్త వాచీ చూడలేదా నువ్వు? పద. నా చేతిలో ఉన్నది ఒక్క ఓటు. అది నాదిగా ఉంటే చాలు."

కూతురు గర్వంగా తండ్రి చెయ్యి పట్టుకుంది. డెబ్భై ఏళ్ల మనిషి, ఆట ముగించి మైదానంలోంచి వెళ్తున్నట్టు నిటారుగా నడిచి వెళ్లాడు. రేపు ఆ ఓటు వేసేటప్పుడు కూడా ఇలాగే నిలబడతాడు.

వాళ్లు కనుమరుగయ్యేదాకా తిరుమలేష్ చూస్తూ కూర్చున్నాడు. టిష్యూ ప్యాకెట్లు ఏరుకుని, పెట్టె బ్యాగులో పడేసి, స్టేషన్ వైపు నడిచాడు.

ట్రైన్ వచ్చేలోగా కోటుకున్న కొండల దేశం బ్యాడ్జి పీకి జేబులో వేసుకుని, దీవుల దేశం బిడ్ ఆఫీసులో కబురు కోసం కాచుకుని ఉన్న గణపతికి ఫోన్ చేసి, "ఓటు మనకే సర్" అన్నాడు.