డెబ్బై ఎనిమిది శాతం

తెర మీద ఓ ముసలి మొహం చుట్టూ ఎర్ర గీత పడింది.

కానిస్టేబుల్ శివలీల నిట్టూర్చి లేచింది. పొద్దుటి నుంచి ఘాట్ కెమెరా పట్టిచ్చిన మొహాల్లో ఇది నాలుగోది.

తుంగభద్ర చివరి మెట్టు మీద ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

“పేరేంది?”

“దేవేంద్రప్ప.”

“నాకీడ డ్యూటీ పడి నాలుగు దినాలు. నాలుగు దినాలూ నిన్ను చూస్తాండా. స్నానం చేయవు, గుడికి పోవు. ఏం చేస్తాండావు ఈడ?”

“మనుషుల్ని చూస్తాంటానమ్మా.”

ఆ మాటతో ఆమెకిక సందేహం మిగల్లేదు.

ఔట్‌పోస్టులో బెంచీ మీద కూర్చోబెట్టి తెర చూపించింది. యాత్రికుల నగలు కొట్టేసే పాత దొంగ ఫోటో, పక్కన ఆయన మొహం. కింద డెబ్బై ఎనిమిది శాతం అని ఉంది.

“ఆయప్ప నేను కాదు.”

“మిషన్ చెప్తాంది కదా.”

“మిగిలిన ఇరవై రెండు శాతం ఏమంటాదమ్మా?”

శివలీల ఆయన వేలిముద్రలు పైకి పంపింది. కబురొచ్చేదాకా వదలకూడదని ఎస్సై ఆర్డరు.

“ఆ మెట్ల కాడనే కూచోనీ తల్లీ. ఈ పొద్దు నీళ్లు శానా వస్తాండాయి. యాడికీ పోను. నువ్వూ వచ్చి పక్కన కూచో.”

“ఊరికే ఉండు పెద్దాయనా. నాకూ ఓపిక లేదు.”

ఆయన బెంచీ మీంచే నది వైపు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలకు కబురొచ్చింది. వేలిముద్రలు కలవలేదు.

“నువ్వు కాదంట. పో,” అంది శివలీల.

అప్పుడే ఘాట్ నుంచి కేకలు. ఇద్దరూ పరిగెత్తారు.

ఇంటర్ చదివే పిల్ల మునిగి అరగంటయిందట. ఈత వచ్చినవాళ్లు వెతికి వెతికి ఒడ్డున కూలబడ్డారు. తల్లి నీళ్లకేసి చూస్తూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

దేవేంద్రప్ప చొక్కా విప్పి దిగాడు. నేరుగా బండల దాపుకు పోయి మునిగాడు. రెండోసారి తేలినప్పుడు ఆయన చేతుల్లో ఆ పిల్ల ఉంది.

తల్లి ఒడిలో పడుకోబెట్టి, ఎవరి వంకా చూడకుండా, చొక్కా కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

“ఎవరాయన?” పడవ నడిపే పుల్లన్నను అడిగింది శివలీల.

“పద్దెనిమిదేండ్ల నుంచి ఈడ మునిగినోళ్లను పైకి తెచ్చేది ఆయప్పేనమ్మా,” అన్నాడు పుల్లన్న. “పానం లేకుండా తెచ్చింది మాత్రం ఈ పొద్దే.”