ఊడిన గుండీలు

పక్షవాతం నుంచి కోలుకున్నా, దర్జీ బావకు కుడిచెయ్యి మాట వినడం లేదు. వ్యాయామం చెయ్యమంటే కస్సుమంటున్నాడు. కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంది.

ఒక ఉదయం బావమరిది గుండీ ఊడిన చొక్కా పట్టుకొచ్చాడు.

"బావా, కాస్త కుట్టిపెట్టవూ?"

"ఇది చొక్కానా, గోనెసంచా?" అని విసుక్కుంటూనే బావ సూది అందుకున్నాడు. ఆ ఒక్క గుండీ కుట్టేసరికి మధ్యాహ్నమైంది.

మర్నాడు మరో గుండీ. ఆ తర్వాత జేబు. "ఎలుకలు కొట్టేశాయి బావా" అని ఒకసారి, "ఈమధ్య ఒళ్లు చేశాను" అని ఇంకోసారి సాకు చెప్పేవాడు బావమరిది. నెలలు గడిచేకొద్దీ బావ వేళ్లు దారికొచ్చాయి.

ఆవేళ బావ చిటికెలో గుండీ కుట్టేసి నవ్వాడు.

"ఏరా, కత్తెరతో కోసిన దారాన్ని కూడా పోల్చుకోలేననుకున్నావా? మొదటిరోజే తెలిసింది."

బావమరిది నాలిక్కరుచుకున్నాడు. "మరి అడగలేదేం?"

"ఉద్యోగం పోయాక మంచం దిగడమే మానేశావు. ఈ వంకతోనైనా గడ్డం గీసుకుని, స్నానం చేసి పొద్దున్నే వస్తున్నావు. అడిగితే మళ్లీ ముసుగుతన్ని పడుకుంటావని ఊరుకున్నాను."

బావమరిది నున్నగా గీసుకున్న గడ్డం తడుముకున్నాడు.

"రేపు ప్యాంటు తీసుకురా," అన్నాడు బావ. "కాకపోతే, కాస్త మర్యాదైన చోట చింపు."